అట్లనే రాజ్యం

ఇన్నేళ్లూ ఒక మెప్పును మోశాను. మెప్పు బరువేమిటని మీరు నవ్వవచ్చు. నాది కానిది మోశాను కాబట్టి బరువే. నా పేరు ఇక్కడ రాయడం లేదు. మా ఊరు బోధన్ వాళ్లకు రాయక్కర్లేదు కూడా.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో రాసిన నాటకం అది. చెరకు నరకడం అయిపోగానే దాన్ని ఆడుతూ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాం. ఎక్కడా లేని ఒక దేశం. కరువు తీరేదాకా అని జనం సర్వాధికారాలూ రాజుకు అప్పజెబుతారు. వానలు పడతాయి, అధికారం మాత్రం తిరిగి రాదు. రాజు ఏమన్నా జనం పలకాల్సింది ఒకటే మాట, “అట్లనే.” మా దిక్కు పెద్దవాళ్లు ఏం చెప్పినా మేం అనే మాటే అది. అందుకే జనం విరగబడి నవ్వారు. మంచి నాటకం. ఈ సంగతి ఇప్పటికీ తగ్గకుండా చెబుతాను.

అయితే నేను మొదట రాసిన రాజు పుట్టుకతోనే దుర్మార్గుడు. చివర్లో పక్క దేశం సైన్యం వచ్చి వాణ్ని చంపుతుంది. రాణి వేషం వేసే సుగుణ, మిషన్ బడిలో టీచరు, దానికి ఒప్పుకోలేదు. రాజు మొదట మంచివాడై ఉండాలి, ఎదురు అడిగేవాళ్లు లేకనే రోజురోజుకూ చెడిపోవాలి అంది. సైన్యం ఎందుకు, జనం అట్లనే అనడం మానేస్తే సింహాసనం మీద ఉన్నది ఉత్త మనిషే కదా అంది. అందరి ముందూ అంది. ఆమె చెప్పిందే సరైనదని వినగానే తెలిసిపోయింది. ఒళ్లు మండిపోయింది.

అప్పటికి మా నాటక సంఘంలో నా మాటకు తిరుగు లేదు. వేషాలు ఇచ్చేదీ నేనే, తీసేసేదీ నేనే. తమలో తమకు గొడవలు పడలేక వాళ్లే పెత్తనం నా చేతిలో పెట్టారు. బాగానే నడిపాను కూడా. మరి ఆ సాయంత్రం నాకేమైంది? మన కథను సుగుణ నిజామాబాద్ నాటకం వాళ్లకు చేరవేసిందని, ఆమెను తీసేద్దామని అన్నాను. పచ్చి అబద్ధం. ఎవరు చూశారని ఒక్కరు అడిగినా అది అక్కడే తేలిపోయేది. రాజు వేషం వేసే టైలర్ జలీల్ ఆమె వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

“అట్లనే అన్నా.”

మిగతావాళ్లూ అదే అన్నారు. రిహార్సల్లో పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్న మాటకు ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు. నాకు సిగ్గు వేసిందా? లేదు. హాయిగా అనిపించింది.

సుగుణ నా దగ్గరికి వచ్చి నిలబడింది. “నేను ఎవ్వలికి జెప్పలే. నీకెర్కనే గదన్నా.”

“అందరు ఒప్పుకున్నరు గదమ్మా.”

“ఒప్పుకోక ఏం జేస్తరు? నువ్వు నేర్పిన మాటనే గద.”

చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. కథ చేరవేసిన మనిషి అన్న నింద ఆమె వెంటే ఊరంతా తిరిగింది. ఆమె మళ్లీ ముఖానికి రంగు వేసుకోలేదు. ఆమె చెప్పిన రాజుతో, ఆమె చెప్పిన ముగింపుతో నేను నాటకం ఆడించాను. నా పేరుతో.

మొన్న కాలేజీ పిల్లలు అడిగారు, అధికారం ప్రభుత్వాలను ఎలా చెడగొడుతుందో అంత బాగా ఎలా రాశారని. లోకాన్ని చూసి నేర్చుకున్నానన్నాను. చప్పట్లు కొట్టారు. లోకాన్ని చూడటం ఎందుకు, నన్ను నేను చూసుకుంటే సరిపోయేది.

సుగుణ ఆ కథను ఎవరికీ చేరవేయలేదు. ఆ నాటకంలో ప్రాణమున్నదంతా ఆమెది. ఆమె ఇప్పుడు నిజామాబాద్‌లోనే ఉంటోంది, బస్సెక్కితే వెళ్లి కలవగలను. ముందు ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఎందుకంటే మీరు నన్ను ఎదురు ప్రశ్న అడగలేరు. చూశారా, ఆ గుణం ఇంకా పోలేదు. అయినా రాశాను. ఇవాళ ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.