ఉయ్యాల్లోని ఇనుము

అక్కా, నా అక్షరాలు వంకర, తప్పులు మెండు. కోపపడకుండా కూడబలుక్కొని చదువుకో.

మన చిన్నకూతురి బిడ్డకు కాపుగా ఉయ్యాల్లో నువ్వు పెట్టిపోయిన ఇనప ముక్క పొద్దున చూస్తే లేదు. బిడ్డ ఒకటే ఏడుపు. ఉయ్యాల కిందా మీదా వెతికినాను. నీ మరదలికి చెప్పే ధైర్యం యాడిది?

టీచరమ్మ ఇనుము తెమ్మనిందని పెద్ద మనవరాలు సరోజ నిన్న అడిగింది గుర్తుకొచ్చి, ఎండలో బడికి పోయినాను. ఏదో ఎలిమెంట్ల పాఠమంట. బల్ల మీద రాగి తీగ, బొగ్గు, మన ఇనుము. ఒక్కోదానికి ఇంగ్లీషు అక్షరాల చీటీ అంటించినారు.

"ఏం తాతా, ఏంది కావాల?" అనింది టీచరమ్మ.

"ఇనుము" అన్నాను. పిల్లలంతా నవ్వినారు.

సరోజ లేచి, "కల్తీ లేంది తెమ్మన్నారు తాతా. మనింట్లో అదొక్కటే అసలైన ఇనుమని అవ్వే కదా చెప్పింది!" అనింది.

మెల్లగా సంగతి చెబితే టీచరమ్మ నవ్వకుండా ఇచ్చేసింది. ఎఫ్, ఈ అని రాసిన చీటీ మాత్రం ఊడలేదు. అట్లే తెచ్చి పెట్టినాను.

నీ మరదలు చూసి, "ఏ సామి దగ్గర రాయించినావు?" అని కళ్ళకద్దుకొనింది. నేను తలూపినాను.

బిడ్డ ఇప్పుడు నిద్రపోతా ఉంది. నేనే ఊపిరి ఆడతా ఉందా అని తొంగి తొంగి చూస్తా ఉండాను. గడప దాటి పోయొచ్చిన ఇనుము ఇంకా కాపు కాస్తుందా అక్కా? పసుపు నీళ్ళతో కడిగితే ఆ చీటీ పోతుంది, నీ మరదలు నన్ను వదలదు. ఏం చేయాలో వెంటనే ఒక కార్డు రాయి. ఆమెకు తెలుగు కూడా చదవను రాదులే.