అత్త ఎక్కే బండి

మా అత్తకు కారు పడదు. తలుపులు వేసి అద్దాలు ఎత్తారంటే చాలు, చేతిలో నిమ్మకాయ పట్టుకొని వాసన చూసుకుంటూ కూర్చుంటుంది. అయినా నర్సంపేట దాటకముందే కడుపులో తిప్పుతుంది. బస్సు అంటే ఇంకా భయం. అందుకని ఎండైనా వానైనా ఆమె ప్రయాణమంతా మోటార్ సైకిల్ మీదే. నాకు పెళ్లయిన కొత్తలో మొదలైంది ఇది. నర్సంపేట అవతలి పల్లె నుంచి కాశిబుగ్గలో ఉన్న మా ఇంటికి, చర్చి స్త్రీల సమాజం కూటాలకు, కంటి డాక్టరు దగ్గరికి, చుట్టాల పెళ్లిళ్లకు ఆమెను తెచ్చేదీ నేనే, మళ్లీ దించేదీ నేనే.

నేను విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగిని. నా ఆఫీసంటే బండి సీటే. నర్సంపేట, నెక్కొండ చుట్టుపక్కల ఏ మలుపులో ఇసుక ఉంటుందో, ఏ కల్వర్టు దగ్గర గుంత ఉంటుందో నాకు అరచేతిలో గీతల్లా తెలుసు. బండి మాత్రం పాతది. ముందు డిస్క్ బ్రేకు, వెనక డ్రమ్ము, అంతే. ఎలక్ట్రానిక్ అనదగ్గది అందులో హారన్ ఒక్కటే, అదీ వానలో మోగదు. అయినా మా అత్త చర్చి బయట ఆడవాళ్లతో, "నా పెద్దల్లుని ఎనక కూసుంటే ఇంట్ల మంచంల కూసున్నట్టే" అనడం ఒకసారి నా చెవిన పడింది. నన్ను మా ఆఫీసులో ఏనాడూ ఎవరూ అంతగా మెచ్చుకోలేదు. ఆ మాటను నేను జేబులో పెట్టుకొని తిరిగాను.

మా సడ్డకుడు, అంటే మా మరదలి భర్త, హన్మకొండలో బ్యాంకు ఉద్యోగి. చల్లటి గదిలో కూర్చొని పనిచేసే మనిషి. దూరాలు పోయే పెద్ద టూరింగ్ బండి కొన్నాడు. ముందు గాలి తగలకుండా పెద్ద అద్దం, వెనక పెట్టె, హ్యాండిల్ మధ్యలో టీవీ లాంటి తెర. మొదట మా ఇంటికే తెచ్చాడు. ఆ రోజు అత్త కూడా మా ఇంట్లోనే ఉంది. అదే నా ఖర్మ.

"అన్నా, ఎంత గట్టిగ బ్రేకు వట్టినా చక్రం పట్టేయదే. ఏబీఎస్. ఎనక చక్రం జారుతాందంటే ఇంజనే తనంతల తాను తగ్గుతది. దాన్ని ట్రాక్షన్ కంట్రోల్ అంటరు. వానకొక మోడ్, మట్టికొక మోడ్."

"అన్ని బండే చేత్తే, మరి నువ్వేం చేత్తవు తమ్మీ?"

"అత్తమ్మను ఎక్కించుకుంట" అని నవ్వాడు.

నిజంగానే ఎక్కించుకున్నాడు. కాశిబుగ్గ చౌరస్తా దాకా పోయి తిరిగి వచ్చేసరికి ఆమె మొహం వెలిగిపోతోంది. ఏబీఎస్ గురించి ఆమెకేం తెలుసు! "ఎనక ఆనుడున్నది బిడ్డా, నడుముకు సుఖంగున్నది. ఉరికినా ఉరికినట్టే లేదు" అంది, నాతోనే అంది. కొత్తొక వింత, పాతొక రోత అని నవ్వి ఊరుకున్నాను. తర్వాతి నెల కూటానికి ఆమెను తేవడానికి బయల్దేరుతుంటే మా ఆవిడ లోపలి నుంచే చెప్పింది, "నువ్వు పోకు, చెల్లె మొగడు పోయిండు" అని. హెల్మెట్ పెట్టుకొని నిలబడ్డ మనిషిని, దాన్ని తీసి మళ్లీ మేకుకు తగిలించాను.

నాకు కుళ్లు పుట్టింది. దానికి మెత్తటి పేరు పెట్టను. ఆ బండి మా వీధిలోకి వస్తున్న చప్పుడు వినబడితే నాకు కడుపు మండేది. చప్పుడైనా పెద్దగా ఉండేదా అంటే, అదీ లేదు, పిల్లి నడిచినట్టు వచ్చేది. వాడు నిన్నగాక మొన్న క్లచ్చు వదలడం నా దగ్గర నేర్చుకున్నాడు. వాడి చేతికి లేని తెలివిని డబ్బాలో పెట్టి అమ్మారు, వాడు కొనుక్కున్నాడు. ఇన్నేళ్లు ఎండలో తిరిగి నా వేళ్లు నేర్చుకున్నది వాడికి షోరూమ్‌లో తాళంచెవితో పాటు ఇచ్చేశారు. ఇది న్యాయమా?

ఎరువుల కొట్ల ముందు బల్ల మీద సద్ది విప్పుకొని, ఫోన్‌లో ఆ బండి వీడియోలు చూడడం మొదలుపెట్టాను. మెచ్చుకునేవాళ్లను దాటేసి తిట్టేవాళ్ల కోసం వెతికేవాణ్ణి. ఎవడో ఒకడు, ఈ ఎలక్ట్రానిక్ హంగులన్నీ మనిషిని సోమరిని చేస్తాయని అంటే, వాడు నాకు దేవుడిలా కనిపించేవాడు. చివరికి ఒక గట్టి ముక్క దొరికింది. వదులు నేల మీద, కంకర మీద ఏబీఎస్ ఉన్న బండి మామూలు బండి కంటే ఎక్కువ దూరం పోయి ఆగవచ్చట. ఇది అబద్ధం కాదు, ఆ బండిని మెచ్చుకునేవాళ్లే ఒప్పుకుంటున్నారు. ఆ రోజు నాకు అన్నం సయించింది.

ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాను.

"అంటే ఏంది? నా చెల్లె మొగడు పడాలె, నువ్వు సూడాలె, గంతేనా?"

"నేనట్ల అన్ననా?"

"అన్లే. నీ మొకం అంటాంది. అందని ద్రాక్ష పుల్లన."

యాసంగి మక్కలు, అంటే మొక్కజొన్నలు, ఇళ్లకు చేరే రోజుల్లో అత్తవాళ్ల ఊరి చర్చిలో కోత పండుగ వచ్చింది. ఆ ఊళ్లో ఎవరి చేలో ఏది పండితే అది మొదట తెచ్చి ప్రభువు బల్ల ముందు పెడతారు. వడ్లు, మక్కలు, మిరపకాయలు, సొరకాయలు, కట్టేసిన కోడిపుంజు కూడా. ప్రార్థన నడుస్తుంటే కోడి కూస్తుంది, ఎవరూ పట్టించుకోరు. నేనూ మా ఆవిడా పోయాం. మా సడ్డకుడు వచ్చాడు, పిల్లల పరీక్షలని మరదలు రాలేదు. భోజనాలయ్యాక అత్తను మా ఇంటికి తీసుకురావాలి, మర్నాడు ఆమెకు కంటి పరీక్ష ఉంది. చర్చి మెట్లు దిగి ఆమె ఏ బండి వైపు నడుస్తుందో చూద్దామని, నా బండిని మెట్లకు ఎదురుగానే పెట్టుకున్నాను. ఆమె నా పక్కనుంచే పోయి, కొంగు నడుముకు దోపుకొని ఆ బండి ఎక్కింది. ఎవరో ఇచ్చిన గుమ్మడికాయ మాత్రం నా వైపు పంపింది. మా ఆవిడ దాన్ని ఒడిలో పెట్టుకొని, రెండు చేతులా పట్టుకొని, ఒక పక్కకు కూర్చుంది. వాళ్ల బండి మీద అత్త, మా బండి మీద గుమ్మడికాయ.

అక్కడి నుంచి నర్సంపేటకు ఒకటే దారి. తారు రోడ్డు మీద సగం దాకా మక్క గింజలు ఆరబోసి ఉన్నాయి. అంచున వరసగా రాళ్లు పేర్చి పెడతారు, మిగతా సగంలోంచి బండ్లు పోవాలి. మా వైపు అందరికీ అలవాటే, రైతును ఎవరూ ఏమీ అనరు. మా సడ్డకుడు ముందు పోతున్నాడు, నేను వెనక. అవసరమైన దానికంటే దగ్గరగానే పోతున్నాను. అత్త ఆ పెట్టెకు వీపు ఆనించి హాయిగా చేలు చూస్తోంది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి మా వైపు చూస్తుందేమోనని చూశాను, తిరగలేదు.

మలుపులో గడ్డి ట్రాక్టర్ ఎదురొచ్చింది. గడ్డి రెండు పక్కలా వేలాడి, మాకు మిగిలిన సగం రోడ్డునూ మింగేసింది. ముందున్న మా సడ్డకుడికి పోవడానికి చోటు లేదు. రాళ్ల సందులోంచి మక్కల మీదికి దింపి బ్రేకు వేశాడు. ఆ బండి టకటకా కొట్టుకుంటూ, తల ఒకసారి ఊగి, మళ్లీ నిలదొక్కుకొని, మక్కల మధ్య గీత గీసినట్టు చివరిదాకా పోయి ఆగింది. అత్త సీటు మీద నుంచి కదలనైనా లేదు. నేనూ బ్రేకు వేశాను. ఇన్నేళ్ల నా వేళ్లు ఎంత పట్టాలో అంతే పట్టాయనుకున్నాను. ముందు చక్రం పట్టేసింది.

వీడియోలో చెప్పింది నిజమే. తక్కువ దూరంలో ఆగింది నా బండే. పడుకొని ఆగింది.

గుమ్మడికాయ పగిలి పసుపు పచ్చగా మక్కల్లో కలిసింది. నాకు మోకాలు గీసుకుపోయింది, అంతే. మా ఆవిడ లేచి కూర్చొని, ఎడమ మణికట్టు పట్టుకొని దాన్నే చూస్తోంది. చూస్తుండగానే వాచిపోతోంది. మక్కల కావలి ఉన్న ఆమె చెట్టు నీడ నుంచి కేకలేస్తూ వచ్చింది, "కండ్లు కనబడతలేవా, పంట మీద పండవెడుతరా బండిని?" అని. దగ్గరికొచ్చి ఆ చెయ్యి చూసి, తన నీళ్ల బాటిల్ తెచ్చి ఇచ్చింది.

మా సడ్డకుడు ఉరికొచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

"వదినా, లే. ఇరిగినట్టే ఉన్నది. నర్సంపేట దవాఖానకు పోదాం. ఆనుకొని కూసో, కుదుపు లేకుంట తీస్కపోత, ఫికర్ చెయ్యకు."

నేను తీసుకుపోతానని అనబోయాను. దేని మీద తీసుకుపోతాను? మా ఆవిడ నా వైపు చూసి, "నువ్వు ఎనక రా" అని ఆ బండి ఎక్కింది. అది వెళ్లిపోయింది. మూల తిరిగేముందు దాని బ్రేకు లైటు ఒకసారి వెలిగింది. మోకాలి నుంచి నెత్తురు కారుతోంది, భార్య చెయ్యి విరిగింది, అయినా నా కుళ్లు చావలేదు. ఇప్పటిదాకా అత్తను తీసుకుపోయాడు, ఇప్పుడు నా భార్యను కూడా నాకంటే భద్రంగా తీసుకుపోతున్నాడు.

వెనక్కి తిరిగేసరికి అత్త నా బండి పక్కనే నిలబడి ఉంది. నేను బండి లేపి, వంకరపోయిన హ్యాండిల్‌ను రెండు కాళ్ల మధ్య చక్రాన్ని పట్టి సరిచేసి, బ్రేకు పట్టి చూసుకొని స్టార్ట్ చేశాను. ఆమె కొంగు దోపుకొని ఎక్కింది. ఇన్నాళ్లూ నా భుజం మీద వేసే చెయ్యిని ఈసారి వేయలేదు. వెనకున్న ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకుంది.

"భయమైతాందా అత్తమ్మా?"

"అయితాంది."

"మరెందుకెక్కినవ్? జరసేపు ఆగితే తమ్మి మళ్లొచ్చి తీస్కపోతుండె గదా."

 ఆమె కోపం లేకుండానే అంది.

"నా బిడ్డ దినాం ఎక్కుతలేదా?"