పరదాలు పీకేసిన అంబాసిడర్

మొన్న జగిత్యాలలో దూరపు చుట్టాల పెళ్ళికి వెళ్తే, ఫంక్షన్ హాలు గేటు పక్కన తెల్లటి అంబాసిడర్ కారు ఒకటి బంతిపూల దండలతో నిలబెట్టి ఉంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే దాని బానెట్ మీద చెయ్యేసి ఫొటోలు దిగుతున్నారు. ఎవరో వెనక తలుపు తీయగానే ఎండకు కాగిన రెక్సిన్ వాసన, సీటు లోపలి కొబ్బరిపీచు వాసన, ఎన్నాళ్ళయినా వదలని పెట్రోలు వాసన అన్నీ కలిసి గుప్పుమన్నాయి. నేను రెండడుగులు వెనక్కి వేశాను. దాన్ని అద్దెకు తెచ్చిన కుర్రాడు మాత్రం మురిసిపోతూ, "వీటి తయారీ బందయి శానేండ్లాయె మేడం, గిప్పుడు ఎంత దేవులాడినా దొరకయి. రాజుల బండి గిది," అన్నాడు.

రాజుల బండట! ఈ కారు తయారీ ఆపేశారని తెలిసిన రోజుల్లో కూడా ఇదే గోల. పేపర్లలో సొంత మనిషి పోయినట్టు సంతాపాలు, ఏ మంత్రి ఎక్కాడు, ఏ కలెక్టరు దిగాడు అన్న ముచ్చట్లు, ఒక శకం ముగిసిందని పెద్ద పెద్ద అక్షరాలు. అప్పుడూ నాకు ఒళ్ళు మండింది, ఇప్పుడూ మండుతోంది. కోరుట్లలో మా బాపు అంబాసిడర్ టాక్సీ నడిపి మమ్మల్ని సాకాడు. ఆ కారు సంగతి మమ్మల్ని ఒక్కరైనా అడిగారా?

నక్సలైట్ల రోజులవి. ఊళ్ళలో దొరలు గడీలకు తాళాలు వేసి ఒక్కొక్కరే హైదరాబాదు దారి పడుతుంటే, వాళ్ళలో ఒకాయన వదిలించుకున్న కారు బాపు చేతికి వచ్చింది. దాని అద్దాలకు ఎర్రటి మఖ్మలు పరదాలు ఉండేవి, దొరసానులు ఎవరి కంటా పడకుండా పోవడానికి కట్టుకున్నవి. బాపు కారును ఇంటి ముందు ఆపి చేసిన మొదటి పని ఆ పరదాలు పీకి అమ్మ ఒళ్ళో పడెయ్యడం. అమ్మ వాటితో దిండ్లకు గలీబులు కుట్టింది. వాటి మీద తల పెట్టి అక్కాచెల్లెళ్ళం మేమే దొరసానులమని నిక్కేవాళ్ళం.

బాపు వాటిని పీకింది ముచ్చటకు కాదు, ప్రాణభయంతో. అడవిలో తిరిగే నక్సలైట్లను మా వైపు అన్నలనే అనేవాళ్ళు. పరదాలు కట్టిన తెల్లకారు కనపడితే లోపల దొరో, మఫ్టీలో పోలీసో ఉన్నాడని అన్నలకు అనుమానం, అన్నలే ఉన్నారని పోలీసులకు అనుమానం. అందుకే బాపు అద్దాలన్నీ దించి, లోపల కూర్చున్న ప్రతి మొహమూ రోడ్డుకు కనపడేటట్టు నిమ్మళంగా నడిపేవాడు. దుమ్ము కొడుతోందని ఆడవాళ్ళు గొణిగితే, "దుమ్ముకు ఎవ్వలు సావరమ్మా, కూసోన్రి," అనేవాడు.

సంతోషాలు లేవా అంటే, ఉన్నాయి. బతుకమ్మ రోజుల్లో డిక్కీ నిండా తంగేడు, గునుగు పూలు కోసుకొచ్చేవాళ్ళం. సత్తుపిండి, మలీద ముద్దలు తింటూ వెనక సీట్లో గచ్చకాయలు ఆడితే అవి సీటు సందుల్లోకి జారి, గతుకు వచ్చినప్పుడల్లా లోపల ఎక్కడో కటకటలాడేవి. ముందు తలుపు మూలన ఉండే మూడు మూలల చిన్న అద్దాన్ని తిప్పి గాలిని మొహం మీదికి మళ్ళించుకోవడానికి జుట్లు పట్టుకునేవాళ్ళం. దసరా పొద్దున బాపు కారుకు తలంటు పోసినట్టే పోసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అవి చిట్లేలా ముందుకు ఒక్క అడుగు నడిపితే వాడంతా చప్పట్లు కొట్టేది. ఇవన్నీ ఇంత తియ్యగా గుర్తుండటమే నాకు మరింత కోపం తెప్పిస్తుంది.

ఒక ఏడు బతుకమ్మకు మేమంతా మల్లాపూర్‌లో అమ్మమ్మ ఇంట్లో ఉన్నాం. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు నడిపే ఇంటికి కోడలై పోయిన మా చిన్నమ్మ తొలి కాన్పుకు అక్కడే ఉంది. సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని కడుపు తడిమి చూసి, బిడ్డ అడ్డం తిరిగింది, ఆలస్యం చేయకుండా జగిత్యాల పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మంది. పండుగకని బాపు కారుతోనే వచ్చి ఉండటం మా అదృష్టం అనుకున్నాం.

చిన్నమ్మను వెనక సీట్లో పడుకోబెట్టారో లేదో, అమ్మమ్మ పెట్టెలోంచి చీరలు తెచ్చి అద్దాలకు కట్టడం మొదలుపెట్టింది. "కానుపు పిల్లను లోకమంత సూడంగ తీస్కపోతమా?" అని ఆమె బాధ. మా వైపు అల్లుడు అత్తతో మొహం చూసి మాట్లాడడు. ఆమె ఎదురైతే పక్కకు జరుగుతాడు, చెప్పాల్సింది భార్య చేత చెప్పిస్తాడు. బాపు బానెట్ వైపు తిరిగి అమ్మతో, "మీ అవ్వకు జెప్పు, పరదాలు కట్టద్దని," అన్నాడు. చిన్నమ్మ అరుపుల్లో అమ్మకు ఆ మాట వినపడలేదు. మళ్ళీ గట్టిగా అంటే అత్తను గద్దించినట్టు అవుతుందని బాపు నోరు మూసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఆ మర్యాద మీద మన్ను పొయ్య!

కోరుట్ల దాటి కొంత దూరం పోయామో లేదో, రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి పెట్టి పోలీసులు ఆపారు. బాపు పక్కన కూర్చున్న నాకు ఆ ఎస్సై బూట్ల మీది దుమ్ము కూడా గుర్తుంది.

"పరదాలెనుక ఎవడున్నడురా? దెబ్బ తాకినోన్ని దాస్కపోతున్నవా?" అన్నాడు.

"కానుపు కేసు సార్. బిడ్డ అడ్డం తిరిగింది," బాపు చేతులు జోడించాడు.

"అందరు దిగున్రి. సీట్లిప్పి సూడాలె."

చీరలు కట్టిన అమ్మమ్మే వాటిని పరపరా గుంజి పారేసింది. "సూడు కొడుకా, నీ కండ్లతోని నువ్వే సూడు. నీ కాల్మొక్త, పిల్లను దింపకు," అని ఏడ్చింది. అతను చూశాడు. చూసి కూడా దింపించాడు.

చిన్నమ్మను మోసి రోడ్డు పక్కన తంగేడు చెట్ల మొదట్లో చీర పరిచి పడుకోబెట్టారు. అక్కడ కానిస్టేబుళ్ళు ఇనుప రాడ్డుతో సీట్లు పెకలించారు, రెక్సిన్ చీరారు, డిక్కీ తట్టారు. కొబ్బరిపీచు, మా గచ్చకాయలు తప్ప ఏమీ దొరకలేదు. ఆ సోదా అయ్యేలోపల చిన్నమ్మ ఆ మట్టిలోనే కన్నది. మగపిల్లవాడు. ఏడవలేదు. పెద్ద దవాఖానలో చిన్నమ్మను బతికించారు గానీ ఇక పిల్లలు పుట్టరన్నారు. ఆ పసిగుడ్డు కోసం ఏ పేపరూ ఒక్క ముక్క రాయలేదు.

అంతటితో వదిలారా? తర్వాత కొన్నాళ్ళకు పోలీసులు కూంబింగుకని అదే కారును పట్టుకుపోయి, వాడుకున్నంత వాడుకుని తెచ్చి పడేశారు. పోలీసులను మోసిన బండి ఊళ్ళలోకి రావద్దని అన్నలు కబురు పంపారు. జనం కోసమని తుపాకులు పట్టినవాళ్ళకు మా బాపు జనంలా కనపడలేదు కాబోలు. కారు వాకిట్లో ఇటుకల మీద కూర్చుంది, అందులో కోళ్ళు గుడ్లు పెట్టాయి. బాపు సిరిసిల్ల పోయి, చిన్నమ్మ మగడి పక్కన సాంచెల మోతలో చెవులు పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు బాపు లేడు, అమ్మమ్మ లేదు. ఆ కార్లు తయారుచేసిన కార్ఖానా లేదు. ఆ రోడ్డు వెడల్పు చేస్తే తంగేడు చెట్లూ పోయాయి. ఎక్కడ ఆపారో చూపించమంటే నేనే చూపించలేను. ఆ ఎస్సై మాత్రం ఎక్కడో పింఛను తింటూ, మనవలకు ధైర్యసాహసాల కథలు చెప్తూ ఉండే ఉంటాడు.

ఫంక్షన్ హాలు బయటికి వచ్చి సిరిసిల్లకు, చిన్నమ్మకు ఫోను చేశాను. వెనక సాంచెల చప్పుడు. ఇక్కడ అంబాసిడర్‌కు దండలేసి మొక్కుతున్నారని, దాన్ని చూస్తేనే తగలబెట్టాలనిపిస్తోందని, తయారీ ఆపేసి మంచి పని చేశారని కసిదీరా అన్నాను.

"కారు మీద కోపమెందుకు బిడ్డా," అంది చిన్నమ్మ. "నన్ను దింపకుంటే అది జగిత్యాల దాక పోతుండె."