ఇంజను గొంతు వెతుక్కుంటూ హిందూపురం నుంచి ధర్మవరానికి

ఈ ప్రయాణం ఏదో చూసి రావడానికి చేసింది కాదు, వినడానికి చేసింది. మా నాయన ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. నీటికాసుల జబ్బుతో నాలుగేళ్ళ కిందట ఆయనకు చూపు పోయింది. అప్పటి నుంచి నెలకోసారి ఆయన్ను హిందూపురం నుంచి ధర్మవరంలో మగ్గం నేసే మా అత్త ఇంటికి నా కారులో తీసుకెళ్తున్నాను. నాది సెకండ్ హ్యాండులో మోజుపడి కొనుక్కున్న రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, ఆరు గేర్లు. నాయన పక్క సీట్లో కూర్చుని, ఇంజను శబ్దం విని, ఎప్పుడు ఏ గేరు వెయ్యాలో చెబుతాడు. "మూడు చాలు, ఇంక నాలుక్కెయ్యి" అంటాడు, నేను వేస్తాను. నిజం చెప్పాలంటే బండి నడిపేది ఆయనే, కాళ్ళూ చేతులూ మాత్రం నావి.

పోయిన నెల కారును సర్వీసు చేయించి బయల్దేరాం. ధర్మవరం దాకా నాయన ఒక్క గేరూ చెప్పలేదు. అత్త ఇంటి ముందు దిగాక నా చెయ్యి పట్టుకుని మెల్లగా, "పాపా, నా చెవులు గూడా పోతాండాయి. మాటలైతే ఇనపడతాండాయి గానీ ఇంజను ఇనపడ్లేదు" అన్నాడు. కారు శబ్దమే తగ్గింది, నాకూ వినపడలేదు అని చెప్పాను. అది అక్షరాలా నిజం. ఆయన నవ్వి, "నా కోసరం చెప్తాండావులే" అన్నాడు. ఇంటికి తిరిగొచ్చాక మళ్ళీ కారెక్కనంటే ఎక్కనన్నాడు. అత్త రెండుసార్లు ఫోన్ చేసి రమ్మన్నా కదల్లేదు. "కండ్లు పాయె, చెవులు పాయె, ఇంక రోడ్డుతో నాకేం పని?" అంటూ మంచానికి అంటుకుపోయాడు.

నాకు ఏడుపు కంటే కోపం ముందొస్తుంది. లోపం కారులోనే ఉందని ఆ రోడ్డు మీదే తేల్చాలని పట్టుబట్టాను, నాది ఉడుంపట్టు. సర్వీసు చేసిన మెకానిక్ షెడ్డుకు శనివారం వెళితే తాళం వేసి ఉంది, పెళ్ళికని తుమకూరు పోయాడట. ఇక ఆదివారం పొద్దున నాయన ముందు కూర్చుని పందెం కట్టాను. "ఈ ఒక్కసారి రా. ధర్మవరం చేరేలోగా నీకు ఇంజను వినపడకపోతే మళ్ళీ నిన్ను కారెక్కమని అడగను." ఆయన చాలాసేపు తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టి, చివరికి చెప్పులు ఎక్కడున్నాయని అడిగాడు.

ఆరు నలభైకి బయల్దేరాం. ఇలాంటి నేలబారు కారులో వెళ్ళేవాళ్ళు హిందూపురం దాటేదాకా స్పీడుబ్రేకర్లను ఏటవాలుగా ఎక్కించండి, లేకపోతే అడుగు గీసుకుపోతుంది. సోమందేపల్లికి అరగంట పైచిలుకు పట్టింది. అక్కడ ఒక చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాం. ప్లేటు నలభై రూపాయలు. ఆ డబ్బుకు అంత రుచి బెంగళూరులో ఎక్కడా దొరకదు. వడ్డించే ఆమె మా కారు వచ్చి ఆగడం చూసినట్టుంది. "ఏమక్కా, అంత కారుకు సౌండే లేదే?" అంది. నేను సంబరంగా నాయన వైపు తిరిగాను. ఆయన బజ్జి తుంచుతూ, "నీకు గూడా చెప్పి పెట్టిందామ్మా మా పాప?" అన్నాడు. ఆమె బిత్తరపోయింది. నాకు తల ఎక్కడ కొట్టుకోవాలో తెలియలేదు.

సోమందేపల్లి దగ్గర హైవే ఎక్కితే పెనుకొండ పదిహేను నిమిషాలు. కోట చూడాలనుకునేవాళ్ళు ఎండ ముదరకముందే కొండెక్కండి. మేం ఎక్కలేదు. నాయనతో పాటు పనిచేసిన కండక్టరు కొడుకు సుధాకర్ ఆ ఊర్లోనే ఉంటాడు, కార్ల విడిభాగాల కంపెనీలో పని. ఆదివారం సెలవు కాబట్టి ఎనిమిదికల్లా తన ఇంటి ముందే మా కారు బానెట్ ఎత్తాడు. టార్చి వేసి కాసేపు వెతికి, నాయన చెయ్యి పట్టుకుని లోపల ఒక గొట్టం మీద పెట్టాడు. బొటనవేలంత లావుంది.

"మామా, ఇంజను గాలి పీల్చుకుంటాది గదా, ఆ పెద్ద గొట్టానికి ఈ పిల్లగొట్టం తగిలించినారు. దీని మధ్యలో పల్చటి రబ్బరు పొర ఉండాది. గాలి దాటదు, అదురు మాత్రం దాటుతాది. ఈ కొస నేరుగా కారు లోపలికి, మీ కాళ్ళకాడికి పోతాది."

"యాంటికప్పా ఇదంతా?" అన్నాడు నాయన.

"రోడ్డు సౌండు, టైర్ల సౌండు లోపలికి రాకూడదని అట్టలూ నురుగూ పెట్టి అంతా మూసేస్తారు మామా. దాంతో ఇంజను గూడా మూగబోతాది. స్పోర్ట్స్ కారు కొన్నోడు ఊరుకుంటాడా? అందుకే దాని ఒక్కదానికీ దారి ఇడుస్తారు. ఇప్పుడొచ్చే కార్లు కొన్నిట్లో గొట్టం గూడా లేదు, స్పీకర్లలోంచి ఇనిపిస్తారు."

నాయన మొహం మాడిపోయింది. "స్పీకర్లా? అంటే నేనిన్నాళ్ళూ ఇన్నింది టేపురికార్డా?"

"దీంట్లో కాదు మామా. ఇది దాని సొంత గొంతే."

మా నాయన తోలిన పాత బస్సుల్లో ఇంజను లోపలే, డ్రైవరు పక్కనే ఉండేది. సీటు దొరకనివాళ్ళు దాని మూత మీదే కూర్చునేవాళ్ళు. ఆ మాట గుర్తుచేసుకుని, "మా బస్సులో గొట్టమూ లేదు, గిట్టమూ లేదు. అది పక్కలో కూసోని మాట్లాడేది" అన్నాడు. అంటూనే వేళ్ళతో గొట్టాన్ని కొస దాకా తడిమి, ఆగిపోయాడు. "ఈడ ఏందో గట్టిగా ఉండాదప్పా." సుధాకర్ క్లిప్పు ఊడదీశాడు. లోపల పాత బనీను గుడ్డ ముద్దచేసి కుక్కి, పైన టేపు చుట్టి ఉంది.

అక్కడే నిలబడి మెకానిక్‌కు ఫోన్ కలిపాను. నాయనకు వినపడాలని స్పీకరు పెట్టాను. నా గొంతు ఎంత లేచిందంటే ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. అతను ఏమాత్రం తొణకలేదు. "నువ్వే కదక్కా చెప్పింది, డాష్‌బోర్డు కింద సౌండు వస్తాండాది, రాకుండా చెయ్యప్పా అని? ఆ గొట్టం కాడ్నుంచే వస్తాండె. మూసేసినా. ఇప్పుడు రావడంలేదు గదా?"

నిజంగానే చెప్పాను. ఏదో చిన్న స్క్రూ వదులై గరగరమంటుంటే, కారు అప్పగించేటప్పుడు తొందరలో ఆ ఒక్క మాట అనేసి వచ్చాను. బండి నిశ్శబ్దంగా ఉంటే బాగున్నట్టు అనుకునే మనిషి, చెప్పిన పని శ్రద్ధగా చేశాడు. నెల రోజులు మా నాయన మంచం మీద ముడుచుకుని పడుకున్నది నా నోటిమాట వల్ల. సిగ్గుతో చచ్చిపోయాను. "నాయనా, తప్పు నాదే" అన్నాను. ఆయన తలుపు తడుముకుని కారులోకెక్కి కూర్చున్నాడు.

సుధాకర్ గుడ్డ పీకేసి, గొట్టం బిగించి, ఇంజను రైజు చేశాడు. లోపల కూర్చున్న నాయన తల పక్కకు వంచి విన్నాడు. "ఇనపడిందా మామా?" అంటే, "నిలబెట్టి రైజు చేస్తే గోడలకు గూడా ఇనపడతాది. రోడ్డు మింద సూడల్ల" అన్నాడు. మొండితనం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

తొమ్మిదిన్నరకు పెనుకొండ వదిలాం. చెన్నేకొత్తపల్లి దాకా హైవే, అక్కడ దిగితే ధర్మవరానికి ఇంకో అరగంట. హైవే మీద ఒకే గేరులో పోతాం కాబట్టి అక్కడ తేలేదేమీ లేదు. దిగాక అసలు పరీక్ష మొదలైంది. ఒక ట్రాక్టరు వెనక నెమ్మదించి, అది పక్కకు తప్పుకోగానే మూడో గేరులో తొక్కాను. డాష్‌బోర్డు కింద నుంచి ఇంజను లేచింది. ఆ గొంతు నాకు పాదాల్లోంచి వచ్చినట్టు అనిపించింది. నాయన మాట్లాడలేదు. నేనూ నోరు కుట్టేసుకున్నాను, నా మాట సాయంతో గెలిస్తే అది గెలుపు కాదు. మీటరు ముల్లు పైపైకి పోతోంది.

"ఏమ్మే, నాలుక్కెయ్యి. ఎంతసేపు పీడిస్తావు దాన్ని?"

నా కళ్ళు మసకబారాయి. తడబడుతూ గేరు లాగి వేశాను.

"నాలుగు కాదు. ఆరుకేసినావు. సూడు, మూలగతాండాది."

కిందికి చూశాను. నిజంగానే ఆరు. నాకే తెలియని నా తప్పు ఆయన విన్నాడు. ఇది ఎవరూ చెప్పిపెట్టింది కాదని ఆయనకూ తెలుసు. నాలుక్కు మార్చాక నాయన సీటుకు జారబడి, ఊరు దగ్గరపడేదాకా వరసగా గేర్లు చెబుతూనే ఉన్నాడు. తర్వాత, ఏదో మామూలు మాట అడిగినట్టు అన్నాడు.

"నాలుగేండ్ల కిందట ఒక మధ్యాన్నం, మొబ్బు పట్టిందా పాపా అని నిన్నడిగితి. అవును నాయనా, వానొస్తాది అంటివి. నేను మిద్దె మింద ఆరబోసిన చెనిక్కాయలన్నీ తడుముకుంటా ఎత్తి లోపల పోస్తి. పొద్దు గూకేదాకా అరుగు మింద కూసుంటి. ఒక్క చినుకు పళ్ళేదు. నా కండ్ల సంగతి నాకు ఆ పొద్దు తెల్సింది."

నేను కారు పక్కకు ఆపాను. ఆ మధ్యాహ్నం ఎండ ఎలా కాసిందో నాకు గుర్తుంది. ఆయన బెదిరిపోకూడదని వానొస్తుందన్నాను. ఆ మాట నమ్మి కాయలన్నీ ఎత్తి వాన కోసం కూర్చుంటాడని ఊహించలేదు.

"ఆ పొద్దు ఎండ నాయనా" అన్నాను.

"ఊఁ" అన్నాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడూ ఎండే. యాడా మబ్బు లేదు."

"అట్ల చెప్పు" అని సీటుబెల్టు సర్దుకున్నాడు.

ధర్మవరం చేరేసరికి పదిన్నర దాటింది. ఈ కారుకు పోనూరానూ పెట్రోలు రెండు వేల దాకా అవుతుంది. మామూలు కారైతే అందులో సగం చాలు. నాయన చెవుల గురించి నెల రోజులుగా నేను చెప్పింది నిజమే. కానీ నా మాట మీద ఆయన నమ్మకం నాలుగేళ్ళ కిందటే పోయిందని నాకు తెలియదు. ఊరడింపుకని చెప్పిన ఒక్క అబద్ధం తర్వాత చెప్పే నిజాలన్నిటినీ మింగేస్తుంది. ఇక పనికొచ్చే మాట ఒకటి. ఇలాంటి కారు ఉన్నవాళ్ళు సర్వీసుకు ఇచ్చేటప్పుడు "సౌండు తీసెయ్యి" అని అనేసి రాకండి. ఏ శబ్దం, ఎక్కడ, ఎంత వేగంలో వస్తోందో విడమరిచి చెప్పి, ఏది ఉండాలో కూడా చెప్పండి. మీ పక్క సీట్లో ఎవరు దాని మీదే ఆధారపడి కూర్చున్నారో మెకానిక్‌కు తెలియదు.