పడుకొని పాఠం చెప్పిన శాంతమ్మక్క

వావిలాకు ఉడుకుతున్న వాసన ఇల్లంతా నిండింది. పొద్దున్నుంచి నా ఎడమకాలు సరిగా లేదు. తుంటిలో మొదలైన సలుపు తొడ వెనకగా దిగి, పిక్క దాటి, చిటికెనవేలి దగ్గర సూదిలా గుచ్చుతోంది. కోడలు ఆకు కాచిన నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, నడుముకు కాపడం పెడుతోంది. ఆ చేదు ఆవిరి ముఖానికి తగిలిందంటే చాలు, నేను మళ్లీ ఎమ్మిగనూరులో ఇరవయ్యేళ్ల పిల్లనై శాంతమ్మక్క గది గడపలో నిలబడి ఉంటాను.

యాభైల మొదట్లో సంగతి ఇది. మాది కౌతాళం. టీచరు ట్రైనింగు ముగించి ఎమ్మిగనూరులో ఒక చిన్న ఆడపిల్లల బడిలో చేరాను. శాంతమ్మక్క అక్కడ పెద్ద టీచరు. క్రైస్తవురాలు, పెళ్లి చేసుకోలేదు, నలభై దాటిన మనిషి. గంజి పెట్టిన తెల్లచీర, బిగించిన ముడి, గట్టి గొంతు. వీధి మొదట్లో ఆ గొంతు వినపడగానే మగ్గాల ఇళ్ల పిల్లలు పలకలు పట్టుకొని పరుగెత్తేవారు. నేనూ ఆమే ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో ఉండేవాళ్లం. అయినా ఆమె నా దగ్గర చారెడు ఉప్పు కూడా అడిగి ఎరుగదు. ఎవరికీ పని చెప్పదు, ఎవరి చేతా చేయించుకోదు. ఊళ్లో అందరికీ ఆమె అంటే గౌరవమే గాని, ఆమె గడప తొక్కేవాళ్లు మాత్రం లేరు.

ఉగాది వెళ్లిన కొత్తలో ఒక ఉదయం బావి దగ్గర నిండు బిందె ఎత్తబోయి అక్క అట్లాగే వంగి ఉండిపోయింది. నేను చేయందిస్తే వద్దంది. గోడ పట్టుకొని ఎట్లాగో గదికి చేరింది. ఆ రోజు నుంచి ఆమె కుర్చీలో కూర్చోలేకపోయింది. నిలబడితే కాసేపటికే కాలు మొద్దుబారేది. వాతలు పెట్టించుకోమన్నవాళ్లు ఉన్నారు, పని మానుకొమ్మన్నవాళ్లు ఉన్నారు. అక్క ఎవరి మాటా వినలేదు. బడిలో ఉన్న రెండు బల్లలూ జతచేయించి, నల్లబల్లను కిందికి దించి గోడకు ఆనించమని చెప్పి, బల్లల మీద పక్కకు తిరిగి పడుకుంది. నేను తెల్లబోయి చూస్తుంటే నవ్వింది.

"కూకుంటేనే ప్రాణం పోతాంది లక్ష్మీ. పండుకుంటే గొంతుకేమైంది? పిల్లోళ్లను పిలువు."

అట్లా పడుకొనే పాఠాలు చెప్పింది. పిల్లలు చుట్టూ చాప మీద కూర్చునేవారు. ఒక్కొక్కరు వచ్చి పలకను ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకుంటే తప్పులు దిద్దేది. మొదట్లో కిసుక్కున నవ్విన పిల్లలు రెండు మూడు దినాల్లో అదే మామూలనుకున్నారు.

ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా స్కూళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గుమ్మంలో ఆయనను చూసి గబగబా లేచాను. ఇక పెద్ద టీచరు ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. అక్క మాత్రం పడుకొనే చేతులు జోడించింది.

"నమస్కారం సార్. లేస్తాండాను. నేను లేసేసరికి కొంచెం సేపు పడుతుంది. అంతలోపల పిల్లోళ్లను అడగండి."

ఆయన కూర్చుందామని చుట్టూ చూశాడు. ఉన్న ఒక్క కుర్చీ కాలు విరిగి మూలన పడి ఉంది. బల్లలు రెండూ అక్క కింద ఉన్నాయి. చివరికి ఆయన తలపాగా సర్దుకొని పిల్లల పక్కన చాప మీదే కూర్చున్నాడు. ఎక్కాలు అడిగాడు, పాఠం చదివించాడు, పటంలో తుంగభద్రను చూపించమన్నాడు. పిల్లలు బెదరకుండా చెప్పారు. అవన్నీ అయ్యేటప్పటికి అక్క గోడ పట్టుకొని నిలబడింది. ముఖమంతా చెమట.

"ఇంత నొప్పి పెట్టుకొని సెలవు ఎందుకు పెట్టలేదమ్మా?" అని అడిగాడాయన.

"నేను సెలవు పెడితే ఈ పిల్లోళ్లు మగ్గాల కాడ నూలు కండెలు సుట్టే పనికి పోతారు సార్. పోయినోళ్లు మళ్లీ రారు."

ఆయన తల ఊపి చాప మీద నుంచి లేచాడు. పోతూ పోతూ వాకిట్లో ఆగి, ఆదోనిలో ఒక ముసలి డాక్టరు ఉన్నాడని, తన అన్నకు ఇదే నొప్పి తగ్గించాడని, వెంటనే పొమ్మని చెప్పాడు.

ఆ శనివారం ఇద్దరం బస్సెక్కాం. అక్క కూర్చోలేక కడ్డీ పట్టుకొని నిలబడింది. "సీటుంది కదమ్మా, కూకో" అని కండక్టరు బతిమాలాడు. "నిలబడితేనే నాకు సుకం. నువ్వు గుంతల కాడ మెల్లగా పోనీమని సెప్పప్పా, సాలు" అంది. డ్రైవరు ఆదోని దాకా బస్సును ఎద్దులబండిలా నడిపాడు. ఒక్క ప్రయాణికుడూ విసుక్కోలేదు.

డాక్టరు సాయిబు. తెల్లగడ్డం, నెమ్మదైన చేతులు. ఆమెను పడుకోబెట్టి కాలు చాచి పైకెత్తాడు. సగం లేవకముందే అక్క కేక పెట్టింది.

"నడుము కాడ నరం నొక్కుకుంటాంది. దీన్ని సయాటికా అంటారు. వాతలూ గీతలూ వద్దు. చెక్కబల్ల మీద పండుకో, వేడి కాపడం పెట్టించుకో. నొప్పి దిగినాక దినామూ కొంచెం నడువు. బరువు మాత్రం ఎత్తొద్దు."

"మరి నీళ్లెవరు తెస్తారు?" అంది అక్క.

"ఎవరో ఒకరు తెస్తారు. తెమ్మని నువ్వు నోరు తెరిచి అడగాల, అంతే."

ఇంటికి వచ్చిన సాయంత్రం అక్క పడుకొని ఖాళీ బిందె వైపే చూస్తూ ఉండిపోయింది. తెస్తానంటే కోపగించుకుంటుందని నేను నోరెత్తలేదు. చీకటి పడబోతుండగా, "లక్ష్మీ, ఒక బిందె నీళ్లు తెచ్చిపెడతావా?" అంది. బడి అంతా మారుమోగే ఆ గొంతు ఎంత చిన్నగా వచ్చిందో! నేను నీళ్లు తెచ్చి దించేసరికి కళ్లు తుడుచుకొని నవ్వుతోంది. "నొప్పి కన్నా ఇదే కష్టంగా ఉంది సూడు" అంది.

అడగడం ఒకసారి అలవాటైన తరువాత అక్క ఇల్లే మారిపోయింది. ఎదురింటి ఖాజాబీ వంకగట్టు నుంచి వావిలాకు కోసుకొచ్చి కాపడం పెట్టేది. పిల్లల తల్లులు వంతులు వేసుకొని నీళ్లు తెచ్చిపోసేవారు. మగ్గాల పని ముగించుకొని సాయంత్రం వచ్చి కూర్చుంటే, అక్క బల్ల మీద నుంచే అందరితో కబుర్లాడేది. అన్నేళ్లూ ఎవరూ తొక్కని ఆ గడప ముందు చెప్పులు పెట్టడానికి చోటుండేది కాదు.

వానాకాలం వచ్చేసరికి ఆమె ఆదోని రోడ్డు మీద జొన్నచేల దాకా నడవగలిగింది. చలికాలంలో పలకలు కొనడానికి బస్సెక్కాం. అక్క మెల్లగా సీటు మీద వాలి, ఒళ్లు సర్దుకొని, బస్సంతా వినపడేటట్టు, "లక్ష్మీ, కూకున్న్యా! సూస్తివా!" అని అరిచింది. నేను నవ్వలేక ఏడవలేక ఆమె చేయి పట్టుకున్నాను.

నొప్పి పూర్తిగా పోలేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేది. అప్పుడు అక్క పిల్లలతో, "ఈ పొద్దు సుట్టమొచ్చినాడు, బల్లలు కలపండి" అనేది. అంతకు మించి దాని గురించి మాట్లాడేది కాదు, దాన్ని దాచేదీ కాదు.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. యాభై దాటాక నాకూ ఇదే నొప్పి పట్టుకుంది. పోయిన ఏడాది ఆలూరులో బంధువుల పెళ్లికి వెళ్లాను. పందిట్లో కూర్చున్న కాసేపటికే కాలు లాగడం మొదలుపెట్టింది. పెళ్లికూతురి తల్లిని పిలిచి, నాకు పడుకోవడానికి ఒక చాప కావాలని అడిగాను. ఆడవాళ్లందరి మధ్యా చాప పరిపించుకొని, పక్కకు తిరిగి పడుకొని, ఆపిన మాటను మళ్లీ అందుకున్నాను. కొందరు వింతగా చూశారు. కాసేపటికి నా ఈడుదే, ముఖపరిచయం కూడా లేని ఒకామె నా దగ్గరికి వచ్చి వంగింది.

"నాకూ అట్లే ఉందక్కా, పొద్దున్నుంచి. సెప్పుకోవడానికి సిగ్గయి ఊరికే కూకున్న్యా."

నేను కొంచెం పక్కకు జరిగాను. ఆమె పమిట సర్దుకొని మెల్లగా నా పక్కన పడుకుంది.