మైకు అయ్యూబ్, లింబయ్య బిడ్డ నవల

బోధన్‌లో మైకు అయ్యూబ్‌ను ఎరగనివాళ్లు తక్కువ. ఆటో మీద రెండు మైకు హారన్లు కట్టుకొని, చావు కబురు నుంచి చీరల సేల్ దాకా ఊరంతా చాటుతూ బతికిన మనిషి. తెలుగు, ఉర్దూ రెండూ గడగడా చదువుతాడు. అయితే చదివేది ఎదుటివాళ్లు రాసిచ్చిన కాగితమే.

మొన్న చలికాలంలో హైదరాబాద్ ప్రచురణకర్త ఒకాయన వచ్చి ఒక కాగితం, దానితోపాటు ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. "విమర్శకుల ప్రశంసలు పొందిన సాహసోపేతమైన నవల 'ఎండుగడ'. రచయిత్రి మన బోధన్ ఆడబిడ్డ కావ్య. ఆదివారం సభకు తరలి రండి" అని ఉంది అందులో. కావ్య చెరుకు రైతు లింబయ్య కూతురు. నిజామాబాద్‌లో పాఠాలు చెబుతుంది.

మొదటి రోజే బస్టాండు దగ్గర రాజలింగు ఆటోకు అడ్డం నిలబడ్డాడు. ఒకప్పుడు చెరుకు వేసి, ఇప్పుడు వరి పండిస్తున్న రైతు.

"మైకు బంద్ చెయ్ అయ్యూబ్ భాయ్! మా ఇండ్లల్ల ముచ్చట్లు బజార్ల వెట్టింది ఆ పోరి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక మేం తాగి పెండ్లాలను కొట్టినమని రాసింది."

"నాకేం తెల్సన్నా, రాసిచ్చింది సదువుతున్న."

"నీ గురించి గూడ రాసింది. సదువుకో పో!"

రాజలింగు హారన్ తీగ పీకి రోడ్డు మీద పారేసి పోయాడు.

ఆ సాయంత్రం అయ్యూబ్ నవల తెరిచాడు. అందులో ఒక మైకువాడున్నాడు. ఫ్యాక్టరీ వాళ్ల దగ్గర మందు సీసా పుచ్చుకుని, "ఈ ఏడు క్రషింగ్ నడుస్తది, చెరుకు నాటుండ్రి" అని అబద్ధమని తెలిసే ఊరూరా చాటుతాడు. నమ్మి నాటినవాళ్ల చెరుకు కొనే దిక్కు లేక చేనులోనే ఎండిపోతుంది.

ఆ ఏడు అలా చాటడమైతే నిజమే. అది అబద్ధమని మాత్రం అయ్యూబ్‌కు అప్పుడు తెలియదు.

"జిందగీల సుక్క ముట్టలే. నన్ను తాగుబోతును జేసింది" అన్నాడు భార్య మెహరున్నిసాతో, పుస్తకం మంచం మీదికి విసిరి.

"అయితే ఆ పని వాపస్ ఇచ్చెయ్" అందామె.

ఇవ్వలేదు. మరునాడు తీగ అతికించుకుని, కాగితం పక్కన పెట్టి, సొంత మాటలు అందుకున్నాడు.

"బోధన్ ప్రజలారా! పెద్ద పెద్దోళ్లు మెచ్చుకున్న నవలంట. అండ్ల నా గురించి అబద్ధం రాసిండ్రు. మీ గురించి గూడ రాసిండ్రు. ఇంట్ల గూసోని తిట్టుడు గాదు. ఐతారం రాండ్రి, రాసినామెనే అడుగుదాం!"

ఆదివారం ఫంక్షన్ హాలు కిక్కిరిసింది. విమర్శకుడొకాయన "ఇంత ధైర్యమైన నవల ఈమధ్య రాలేదు" అంటుండగానే అరుపులు మొదలయ్యాయి. రాజలింగు "మేమెన్నడు కొట్టినం?" అంటూ పుస్తకం చించి వేదిక మీదికి విసిరాడు. వెనుక నుంచి అతని వదిన వసంతమ్మ లేచింది.

"కొట్టలేదా? మరి నా చెయ్యి ఎట్ల ఇరిగింది? మీ అన్నను అడుగు!"

హాలులో గోల రెట్టింపయింది. ఆ గోలలోనే అయ్యూబ్ మైకు అందుకున్నాడు.

"నేను తాగంగ నువ్వు సూసినవా బిడ్డా?"

"సూడలే చాచా. అది నా కల్పన" అంది కావ్య. "కని మా బాపు నీ గొంతు ఇనే చెరుకు నాటిండు. ఎండిన చేనుకు నిప్పు వెట్టుకుంట ఆయన ఫ్యాక్టరోళ్లను తిట్టలే. నిన్నే తిట్టిండు."

"నాకు తెల్వదు. రాసిచ్చింది సదివిన."

"నిజమేనా అని ఎవర్నన్న అడిగినవా?"

అయ్యూబ్ మైకు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

కావ్యను అతడు ఇప్పటికీ క్షమించలేదు. ఎదురైతే ఆటో పక్క సందులోకి తిప్పుతాడు. కానీ ప్లాట్లవాళ్లో, వడ్ల విత్తనాలవాళ్లో చాటమని వస్తే, "గిది నిజమేనా?" అని నిలదీస్తున్నాడు. కొందరు నవ్వి ఊరుకుంటారు. కొందరు కోపంతో వేరే ఆటో మాట్లాడుకుంటారు. ఇట్లయితే ఇల్లు ఎట్లా గడుస్తుందని మెహరున్నిసా గొణుగుతూనే ఉంది.