చెవిన పడ్డది తీగ మీదికే

టెలిగ్రాములు పంపే రామలింగయ్య మాస్టర్ని మా ఊరి తార్ ఆఫీసు నుంచి వెళ్లగొట్టించింది నేనే. ఆయన మీద అర్జీ రాసింది ఈ చెయ్యే. ఆయన నేరం ఒక్కటే: దేన్నీ మధ్యలో దించనివ్వడు.

బయల్దేరింది చేరాల్సిన చోటే దిగాలి. జొన్నరొట్టె పెనం మీద నుంచి నేరుగా నోట్లోకే. "పళ్లెం కడుగుడు తప్పింది గని, ఆయన మీసం మూడుసార్లు కాలింది" అనేది ఆయన భార్య కన్యకమ్మ. మల్లెలు బుట్టలోకి కోయడు. ఆమెనే చెట్టు దగ్గరికి పిలిచి, కొమ్మ వంచి జడలో పెట్టేవాడు.

"వాన పడ్తున్నదండీ!"

"పూలు గూడ తడుస్తున్నయి గద, జల్ది రా!"

తుంగభద్ర ఎడమ కాలువ తవ్వుతున్న రోజులవి. కూలికి వచ్చినవాళ్లు తార్ ఇవ్వాలంటే ముందు ఫారం రాయించాలి. ఆఫీసు అరుగు మీద ఆ ఫారాలు రాసేవాణ్ణి నేను, పంపన్నను. నాలుగో తరగతిలో బడి మాని, పొట్లాల కాగితాల మీద ఇంగ్లీషు నేర్చి, ప్రైవేటుగా మెట్రిక్‌కు కట్టినవాణ్ణి. నా ఫారాన్ని గుమాస్తా రిజిస్టర్లోకి ఎక్కించాలి, దాన్ని చూసి ఇంకో కాగితం రాయాలి, ఆ తర్వాతే తీగ. పొద్దున ఇచ్చిన తార్ పొద్దుగూకాక కదిలేది.

మాస్టర్ వచ్చిన వారానికే, "కాయిదమెందుకు? నోటితోని జెప్పు" అన్నాడు.

లారీ డ్రైవర్ ఉర్దూలో, మేస్త్రీ కన్నడంలో, కూలి తెలుగులో చెబుతుంటే, వాళ్లు నోరు మూసేలోగా అది ఆయన వేలి కింద ఇంగ్లీషై టకటకా వెళ్లిపోయేది. ఒకే ఊరికి నలుగురుంటే నాలుగూ ఒకే ఊపులో పోయేవి. మనిషి మెట్లు దిగకముందే, ముట్టిందని అవతలి నుంచి జవాబు. నా అరుగు ఖాళీ అయింది. కడుపు మండిపోతున్నా ఆ వేలి మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయేవాణ్ణి. మనిషి వేలు అంత వేగంగా ఆలోచించగలదని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

చివరికి కడుపుమంటే గెలిచింది. నాలుగు పేజీల అర్జీ. పదో రోజున ఇన్‌స్పెక్టర్ దిగాడు.

"రిజిస్టర్ ఏదయ్యా?"

"ఖాళీ, సార్."

"మరి పంపినట్టు రుజువేంది? నిన్న హైదరాబాదుకు ఒక్కటే పోయిందట. అండ్ల ఏమున్నదో అందరి ముందట జెప్పు. వాళ్లు రాసుకున్నదానితో కలిస్తే నిన్ను వదిలేస్త."

మాస్టర్ నోరు తెరిచాడు. గుమ్మంలో నన్ను చూశాడు. మూసేశాడు.

"యాదికి లేదు, సార్."

యాదికి లేకపోవడమా! తన పెళ్లి బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పే మనిషికి! బదిలీ ఉత్తర్వు అక్కడికక్కడే వచ్చింది.

సాయంత్రం ఆ సంగతి గొప్పగా చెబితే మా అమ్మ చెన్నవ్వ నెత్తి కొట్టుకుంది.

"నిన్నటి తార్ నాదేరా! 'పంపన్న మెట్రిక్ మూడోసారి తప్పిండు. ఊర్ల పాసైనని చెప్పుకుంటున్నడు. గుట్టుగ ఏదన్న పని చూడు' అని హైదరాబాదుల ఉన్న మీ మామకు ఇచ్చిన."

"నాకెందుకు చెప్పలే?"

"నీ సంగతి నీతోనే రాయిస్తనా? మా గంపలు మోసే ఆడోళ్లందరం ఆయన చెవుల్నే జెప్తం. కాయిదం మీద పెడితే పదిమంది కండ్లు పడ్తయని ఆయనే అన్నడు."

తెల్లారి బస్సు దగ్గరికి పరుగెత్తాను. మాస్టర్ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

"మాస్టర్ సాబ్, ఆ అర్జీ రాసింది నేనే."

"ఎరికే. వచ్చిన కొత్తల నీ ఫారాలు ఎన్ని సూడలే? చేతిరాత ముత్యాలే" అన్నాడు బస్సెక్కుతూ. మెట్టు మీద ఆగి, నిజంగానే బాధపడుతూ నా వైపు తిరిగాడు. "గని నాలుగు పేజీలెందుకు, పంపన్నా? 'రామలింగయ్య రాయడు, పంపుతడు.' మూడు మాటల్ల ఐపోతుండె!"